నాలుగు వేళ్ళ సందు

పొద్దున్నే రెండో గ్లాసు టీ కోసం కేకేసిన వడ్రంగి మేస్త్రీకి, టీకి బదులు భార్య అరుపు వినిపించింది. అదీ కొత్త దుంగల ఇంట్లో, సామాన్ల గది లోపలి నుంచి.

"ఏమండీ! తలుపు రావట్లేదు!"

"గట్టిగా లాగు!"

"లాగలేకేగా పిలుస్తున్నది!"

మేస్త్రీ పరుగున వెళ్ళి భుజంతో నెట్టాడు. తలుపు మొండికేసింది. పైకి చూస్తే, గుమ్మం పై కమ్మి కిందికి వంగి తలుపును నొక్కేస్తోంది.

నలభై ఏళ్ళు బీరువాలూ మంచాలూ చేసిన చెయ్యి ఆయనది. ఆయన బిగించిన తలుపు సందులో కాగితం కూడా దూరదని ఊరంతా చెప్పుకునేది. ఊరు మరిచిపోతే ఆయనే చెప్పుకునేవాడు. అలాంటి మనిషి కూతురు ఆఫీసు ఉద్యోగం మానేసి, దుంగలతో ఇళ్ళు కడతానని కూర్చుంది. "మొదటిది మనకే కడతాను. అది తేడా వస్తే మళ్ళీ ఉద్యోగానికి పోతాను" అని మాటిచ్చింది. గుమ్మాల పని తండ్రి తీసుకున్నాడు. ప్లాను మాత్రం చూడలేదు. కాగితం చూసి కొయ్య కోసేవాడు వడ్రంగే కాదని ఆయన గట్టి నమ్మకం.

మూడు నెలల క్రితం ప్రతి గుమ్మం మీదా నాలుగు వేళ్ళ సందు వదిలి, పైన పలక కొట్టేయమంది కూతురు. మేస్త్రీకి తల తీసేసినట్టయింది. పాపం, పిల్ల కొలత తప్పింది, అడిగితే చిన్నబుచ్చుకుంటుంది అనుకున్నాడు. ఆమె పైకప్పు రేకులు కొనడానికి వెళ్ళిన రోజు, సందులన్నిటిలో గట్టి చెక్క ముక్కలు బిగించి, పలకలు కొట్టి, కూతురి తప్పును కడుపులో దాచుకున్నాడు.

ఇప్పుడా కూతురే వచ్చి పలక ఊడదీసింది.

"ఇదెవరు పెట్టారు నాన్నా?"

"ఎంత ముచ్చటగా కూర్చుందో చూశావా?" అన్నాడు మాట మార్చబోయి.

"ఇవి పచ్చి దుంగలు నాన్నా! ఆరేకొద్దీ సన్నబడతాయి, గోడ కిందికి దిగుతుంది. దిగడానికి చోటుండాలనే సందు వదిలాను. ఇప్పుడు బరువంతా గుమ్మం నెత్తిన పడింది."

"నాకు చెప్పొద్దూ?"

"ప్లానులో రాశాను. చూడమని మూడుసార్లు ఇచ్చాను. నువ్వు మడత కూడా విప్పలేదు."

"నువ్వేదో పొరపాటు పడ్డావేమోనని..."

"అవును, పొరపాటే అనుకున్నావు. దీనికో కారణం ఉందేమో అని ఒక్కసారైనా అనిపించలేదు." ఆమె కళ్ళు తుడుచుకుంది. "నువ్వే నమ్మని ఇంటిని బయటివాళ్ళేం నమ్ముతారు? ఇవాళే ఆఫీసుకి ఫోన్ చేస్తాను."

తలుపు పక్కనే, ఇంకా చట్రం బిగించని బుల్లి కిటికీ కంతలో తల్లి ముఖం ప్రత్యక్షమైంది. "ఆ ఫోనేదో నన్ను బయటికి తీశాక చెయ్యవే! తండ్రీకూతుళ్ళ పంతాలకి నేనా దొరికింది?"

మేస్త్రీ కళ్ళజోడు పెట్టుకుని మొదటిసారి ప్లాను విప్పాడు. ఏడు గుమ్మాల మీదా కూతురి రాత: "గోడ దిగడానికి సందు." మూడో నెలకి రెండు వేళ్ళు దిగాలని లెక్క కూడా వేసింది. లేచి వెళ్ళి, గుమ్మాలకి దూరంగా మూల దుంగ పక్కన పాతిన కర్ర మీద, మొదట్లో గోడ ఎంత ఎత్తుందో ఆమె పెట్టిన గుర్తు చూశాడు. వేళ్ళు ఆనించి కొలిచాడు. సరిగ్గా రెండు. నూలంత తేడా లేదు. ఆయన కళ్ళు చెమర్చాయి. ఇంత కచ్చితమైన చేతిని ఇంట్లో పెట్టుకుని, లేని తప్పులు దాస్తూ తిరిగాడు.

"తప్పు నాదేనమ్మా" అన్నాడు.

"మళ్ళీ అనండి!" అంది భార్య కిటికీలోంచి. "పెళ్ళైన దగ్గర్నుంచీ వినని మాట, సరిగ్గా చెవిన పడలేదు!"

కూతురికి ఏడుపులోనే నవ్వొచ్చింది. జాకీ తెచ్చి, పై దుంగను వెంట్రుకవాసి ఎత్తింది. ఆమె ఊ అన్నాక మేస్త్రీ ఉలి అందుకుని, తను బిగించిన ముక్కను తనే చీల్చి తీశాడు. తలుపు తెరుచుకుంది. తల్లి చీపురుతో సహా బయటపడి, ముందు టీ పెడతానంది. మిగతా ఆరు గుమ్మాలూ మధ్యాహ్నానికల్లా అయిపోయాయి.

అప్పుడే కిటికీలు బిగించే మనిషి వచ్చాడు. "మేస్త్రీగారూ, పైన ఎంత సందు వదలమంటారు?"

"నన్నడుగుతావేంటయ్యా? ఈ ఇంటికి మేస్త్రీ మా అమ్మాయి. ఆవిడ ఎంతంటే అంత."

కూతురు తండ్రి వైపు చూసింది. ఫోన్ మాట మళ్ళీ ఎత్తలేదు. కొలత టేపు తీసి కిటికీ దగ్గరికి నడిచింది. తండ్రి గబగబా వెళ్ళి రెండో కొస పట్టుకున్నాడు.

"ఎంతో చెప్పమ్మా" అన్నాడు.