తూర్పు స్టాండులో రెండు సీట్లు

పొద్దున్న ఎనిమిదైనా కాలేదు, అప్పుడే మూడోసారి అడిగాడాయన.

"ఏమే, ఫారం మీద సంతకం పెట్టావా?"

"మిషను ముందు కూర్చున్నాను, కనబడ్డం లేదూ? తర్వాత పెడతాను లెండి," అంది ఆవిడ తలెత్తకుండా. ఎవరిదో ప్యాంటు నడుము వదులు చేస్తోంది. చేతిలో పనుంటే ఎదుటి మనిషి కళ్లలోకి చూడక్కర్లేదు. మూడు వారాలుగా ఆ ఉపాయంతోనే నెట్టుకొస్తోంది.

"ఇవాళ సాయంత్రం ఐదింటితో ఆఖరు. దాటితే మన సీట్లు ఇంకొకళ్లకి ఇచ్చేస్తారు. ఇరవై రెండేళ్ల సీట్లే అవి!"

అవి ఫుట్‌బాల్ క్లబ్బు సీజన్ టికెట్లు. స్టేడియం తూర్పు స్టాండులో పక్కపక్కన రెండు సీట్లు. ఆట మొదలవడానికి నాలుగు నెలల ముందే ఏటా రెన్యువల్ చేయించుకోవాలి. లిఫ్టు మెకానిక్‌గా పనిచేసినన్నాళ్లూ ఆయన సొంత తమ్ముడి పెళ్లికైనా ఆలస్యంగా వెళ్లాడు గానీ మ్యాచ్‌కి ఆలస్యంగా వెళ్లలేదు. ఆవిడకా, ఆ ఆటలో ఓనమాలు రావు. ఆయన లేస్తే లేచేది, ఆయన ఎవర్ని తిడితే వాణ్ణే తిట్టేది. అలాగే ఇరవై రెండేళ్లు ఇట్టే గడిచిపోయాయి.

కొత్త సీజన్‌కి ఇంకా నాలుగు నెలలుంది. డాక్టరు చెప్పింది రెండు నెలలు, మహా అయితే మూడు. ఆ మాట తల్లికీ కొడుక్కీ మాత్రమే తెలుసు. ఆయనతో మాత్రం పేగులో పుండు, మందులు వాడితే మానిపోతుందని చెప్పారు. ఆయన సరేనని తలూపాడు. మళ్లీ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. అమ్మయ్య, నమ్మాడనుకున్నారు ఇద్దరూ.

వంటింట్లో కొడుకు గొంతు తగ్గించి అన్నాడు. "కొనెయ్యమ్మా. ఆ టికెట్టు చూసుకుని నాలుగు రోజులు సంతోషంగా ఉంటాడు. పోయేదేముంది?"

"పోయేదేముందా? రెండు నెలలన్న మనిషికి ఏడాది టికెట్టు కొనడమంటే విధిని పిలిచి రెచ్చగొట్టడంరా. ఉన్న ఆ రెండు నెలలూ కూడా లాక్కుపోతే?"

"నువ్వూ నీ భయాలూ! కొనకపోతే ఎందుకు కొనలేదని అడగడా? అప్పుడేం చెబుతావ్?"

"నాకు మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేనంటాను."

"మొన్న పరీక్షలకి తీసుకెళ్లినప్పుడు ఒక అబద్ధం, మందులకి ఒకటి, ఇప్పుడు ఇదొకటి. రోజుకో అబద్ధం ఆడలేక నేను చస్తున్నానమ్మా."

ఆవిడ సింకు వైపు తిరిగింది. గిన్నెలు కడుగుతూ నిలబడింది. కళ్లు తుడుచుకోవడానికి తడి చేతులైతే ఎవరికీ అనుమానం రాదు.

మధ్యాహ్నం నాలుగు చెంచాలు తిని కంచం పక్కకి నెట్టాడాయన. ఫారం పట్టుకుని, గోడ ఆసరాతో మిషను దాకా వచ్చాడు. రెండు నెలల్లో మనిషి సగమయ్యాడు. చొక్కా వేరే ఎవరిదో వేసుకున్నట్టుంది.

"ఇంకా పెట్టలేదు నువ్వు."

"మోకాళ్లు పట్టేస్తున్నాయండీ. ఆ మెట్లు నా వల్ల కాదు. ఈ ఏడాదికి వదిలేద్దాం."

"నిన్న దారపుండల కోసం మూడంతస్తులు ఎక్కి దిగావు. అప్పుడు లేని నొప్పి ఇప్పుడెక్కణ్ణించి వచ్చింది?"

"ఇంట్లో టీవీ ఉందిగా. హాయిగా కూర్చుని..."

"టీవీ!" ఆయన గొంతు లేచింది. "ఇన్నేళ్లలో నిన్ను ఏం అడిగానే నేను? ఒక్క సంతకం! దానిక్కూడా ఇంత బతిమాలించుకుంటావా?" మాట పూర్తికాకుండానే దగ్గు తెర కమ్మేసింది.

కొడుకు పరిగెత్తుకొచ్చాడు. వాడి ఉద్యోగం డ్రైవింగ్ నేర్పడం. ఊరందరికీ బ్రేకు వెయ్యడం నేర్పేవాడికి నోటికి మాత్రం బ్రేకు లేదు.

"అరవకు నాన్నా! అసలు ఆ సీజన్ మొదలయ్యేసరికి నువ్వు..."

ఆగిపోయాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

"ఆపేశావేంరా? పూర్తి చెయ్."

ఆయన మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. కోపం ఎటు పోయిందో గానీ గొంతు మామూలుగా వచ్చింది.

"నన్ను ఆస్పత్రిలో ఆరో అంతస్తుకి తీసుకెళ్లారు కదా. ఆ లిఫ్టులు పదకొండేళ్లు చూసింది నేనేరా. ఆరో అంతస్తులో తలుపు మిగతా అంతస్తులకన్నా ఆలస్యంగా మూసుకుంటుంది. అక్కణ్ణించి దిగేవాళ్లు ఏడుస్తూ ఉంటారు, గబగబా నడవలేరు, కాస్త టైమివ్వండి అని నర్సులు అడిగితే నేనే అలా పెట్టాను. ఆ రోజు లిఫ్టెక్కాక ఆ తలుపు మూసుకునేదాకా మీ ఇద్దరూ నా మొహం వైపు చూడలేదు. ఇంకెవరు చెప్పాలి నాకు?"

ఊళ్లో సగం లిఫ్టులు ఆయన చేతి మీద నడిచినవే. ఆ సంగతి తెలిసిన పెళ్లానికీ కొడుక్కీ ఆ పూట అది తట్టనే లేదు.

"అన్నీ తెలిసి ఈ టికెట్లెందుకండీ? మమ్మల్ని ఏడిపించడానికా?"

"వారం నుంచి నీ ముందు పెడుతున్నాను. ఒక్కసారైనా చదివావా?"

చదవలేదు. ఆ కాగితం వైపు చూడ్డానికే భయపడింది. ఇప్పుడు మడత విప్పింది. ఆవిడ సీటుకి ఎదురుగా ఆవిడ పేరు. ఆయన సీటుకి ఎదురుగా వణికిన అక్షరాల్లో ఒకే ఒక్క మాట ఉంది: 'వదులుకుంటున్నాను.'

"నీ ఒక్కదానికే," అన్నాడు. "నేను పోయాక నువ్వు ఈ మిషను ముందు తల దించుకుని కూర్చుంటావు, ఇక లేవవు. నీ సంగతి నాకు తెలీదూ? అక్కడికి వెళ్లు. మన జట్టు ఎలాగూ గెలిచి చావదు, స్టాండులో సగం మంది ఏడుస్తూనే ఉంటారు. నువ్వు ఏడిస్తే ఎందుకమ్మా అని ఎవరూ అడగరు."

"నోరు ముయ్యండి!" పెళ్లయ్యాక ఎప్పుడూ అనని మాట ఆవిడ నోటి నుంచి వచ్చింది. "మీ సీట్లో ఇంకెవడో కూర్చుంటే పక్కన కూర్చుని నేను ఆట చూడాలా?" ఫారం విసిరి కొట్టింది.

అది వెళ్లి కుట్టు మిషను కింద పడింది. ఆయన వంగి తీద్దామని చూశాడు, చెయ్యి అందలేదు. కొడుకు ముందుకొస్తే వద్దన్నట్టు చూసి, మోకాళ్ల మీద కూర్చుని మళ్లీ చెయ్యి చాచాడు. ఎంత లోతు లిఫ్టు గుంతలోనైనా తీగ పట్టుకుని వేలాడిన మనిషి, ఒక కాగితాన్ని అందుకోలేక ఆయాసపడుతున్నాడు. ఆవిడ చూడలేకపోయింది. తనే వంగి తీసి, సంతకం పెట్టింది.

నాలుగున్నరకి క్లబ్బు కౌంటర్ దగ్గరున్నారు. కౌంటర్లో అమ్మాయి ఫారం చూసి, "రెండో సీటు వదిలేస్తున్నారా? మళ్లీ కావాలంటే దొరకదండీ, వెయిటింగ్‌లో చాలామంది ఉన్నారు," అంది.

"తెలుసమ్మా. ఇచ్చెయ్యి," అన్నాడాయన.

కారు తేవడానికి కొడుకు వెళ్లాడు. ఇద్దరూ బయట బెంచీ మీద కూర్చున్నారు. మూడు వారాలుగా అడగలేకపోయిన మాట అప్పుడు అడిగింది ఆవిడ.

"భయంగా ఉందా?"

"ఉందే. చాలా భయంగా ఉంది."

"మరి నాతో ఒక్క మాటైనా చెప్పలేదేం?"

"పుండే అని నేను నమ్మినట్టుంటే నీకు కాస్త ధైర్యంగా ఉంటుందేమో అనుకున్నాను."

ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. ఎముకలు తగిలాయి. మూడు వారాలుగా ఒకరికి తెలియకుండా ఒకరు చెరో గదిలో ఏడ్చిన ఆ మొగుడూ పెళ్లాలు, వచ్చేపోయే జనం చూస్తున్నా పట్టించుకోకుండా, నడివీధిలో కలిసి ఏడ్చారు.