నాలుగో అంతస్తు కొలతలు

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. మా చెల్లే ఆ కొమ్ములు. ఆస్తుల విలువ కట్టే మా ఆఫీసులో దానికి కొలతల టేపు పట్టుకోవడం నేర్పింది నేను. పదేళ్ళుగా నేను కాచుకున్న చీఫ్ కుర్చీ మాత్రం దానికిస్తారట. కన్ను కుట్టింది. అబద్ధమెందుకు, కడుపు మండిపోయింది.

మా రిపోర్టుల్లో ఇంటికి పేరుండదు, లొకేషన్ కోడే ఉంటుంది. వార్డు, వీధి, ఇల్లు, చివరి అంకె అంతస్తు. చెల్లి రాసిన ఒక రిపోర్టులో ఆ చివరి మూడుని నాలుగు చేశాను. ఆ మేడకి ఉన్నవే మూడంతస్తులు. లేని అంతస్తుకి విలువ కట్టిందని ఆఫీసంతా నవ్వితే చాలనుకున్నాను.

మేనేజరు నవ్వలేదు. "ఇద్దరూ వెళ్ళి మళ్ళీ కొలిచి రండి" అన్నాడు.

మిట్టమధ్యాహ్నం. మేడంతా ఖాళీ. మెట్ల మీద తడి సున్నం వాసన. చెల్లి చకచకా ముందెక్కిపోయింది. నేను ఆయాసపడుతూ మూడో అంతస్తు చేరేసరికి అది కనబడలేదు. గదులన్నీ వెతికాను. లేదు. మెట్లు ఇంకొంచెం పైకెళ్ళి డాబా తలుపు దగ్గర ఆగిపోయాయి. తలుపుకి తుప్పు పట్టిన తాళం.

తలుపు అవతల అడుగుల చప్పుడు...

"అక్కా, నాలుగోది ఉందే! ఎన్ని గదులో!"

తలుపు కింది సందులోంచి టేపు కొస జరజరా వచ్చి నా కాలికి తగిలింది.

"పట్టుకో అక్కా."

పట్టుకున్నాను. చల్లగా ఉంది.

కాసేపటికి దాని గొంతు మారింది. గుసగుసగా...

"అక్కా... వచ్చిన దారి కనబడట్లేదు. చీకటిగా ఉంది. టేపు పట్టుకునే వచ్చేస్తా. వదలకేం..."

సరిగ్గా అప్పుడే నాకు ఆ కుర్చీ గుర్తొచ్చింది.

వదిలేశాను.

టేపు సర్రున లోపలికి పోయింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆఫీసు వాళ్ళొచ్చి తాళం పగలగొట్టించారు. అవతల ఖాళీ డాబా, ఎండ.

ఇప్పుడు చీఫ్‌ని నేనే. నెలకోసారి నా బల్ల మీద చెల్లి చేతిరాతతో ఓ రిపోర్టు ఉంటుంది. అదే కోడ్, చివర నాలుగు. ఎవరు పెడుతున్నారో ఎవరూ చూడలేదు. ప్రతిసారీ ఒక గది ఎక్కువ.

ఇవాళ్టి దాంట్లో రెండు కొత్త వరుసలున్నాయి. చెల్లి గది: పద్నాలుగడుగులు, పన్నెండడుగులు. అక్క గది: ఆరడుగులు, మూడడుగులు. పక్కనే సున్నం వేలిముద్ర, ఇంకా తడిగా.

అక్కడ కూడా పెద్ద గది దానికే.