నూనె మిల్లు మలుపులో ఆగే కారు

కర్నూలు రాజధాని అయిన కొత్తలో ఊరినిండా జీపులే. అయినా మెకానిక్ లేవి చెవులు ఒక్క కారు చప్పుడుకే నిక్కబొడుచుకునేవి. ఆ కారు ఠీవిగా వచ్చేది. నూనె మిల్లు మలుపులో ఎద్దులబండ్లు అడ్డం రాగానే ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయేది. సరిగ్గా లేవి షెడ్డు ముందు!

ఆ రోజూ అంతే. మిషన్ ఆస్పత్రి నర్సు సలోమి కారు దిగి తలుపు ధడాలున వేసింది.

“ఏమప్పా, నిన్ననే కదా బాగుచేస్తివి?”

“నేను బాగానే చేసినా నర్సమ్మా. మీ కారుకే నా షెడ్డు మింద మనసుండాది.”

“కారుకా, నీకా?”

లేవి గబుక్కున బానెట్ కింద తల దూర్చాడు.

అమెరికా దొరసాని స్వదేశం పోతూ ఆస్పత్రికి వదిలివెళ్ళిన కారది. క్లచ్చు లేదు, గేర్లు వాటంతటవే పడతాయి. సలోమి అందులోనే పల్లెలకు పోయి కాన్పులు చేసి వచ్చేది.

“ఇంకోసారి ఆగితే మద్రాసులో అమ్మేస్తాడంట మా నాయన,” అంది సలోమి. ఆస్పత్రి డాక్టరు సుందరమే ఆమె తండ్రి. “కారు పోతే ఎద్దులబండే గతి. బండి చేరేదాకా కాన్పు ఆగుతాదా లేవీ?”

ఈసారి ఆమె గొంతులో ఎగతాళి లేదు. లేవి వెంటనే పనిలోకి దిగాడు. తనకు తెలిసిన వైద్యమే చేశాడు. కార్బురేటర్ స్క్రూ తిప్పి ఇంజను వేగం పెంచాడు. గేర్ల కారుకైతే అది చెల్లేదేమో. సలోమి గేరు లివర్ జరిపిందో లేదో, కారు దానంతట అదే కదిలి, ఆమె బ్రేకు తొక్కేలోగా షెడ్డు పక్కనున్న సుంకులమ్మ బజ్జీల బండికి తగిలింది.

“అయ్యో, నా బజ్జీలు!” గరిటె ఎత్తుకుని వచ్చింది సుంకులమ్మ.

బతికి బయటపడ్డ బజ్జీలను ముగ్గురూ పంచుకుని తిన్నారు. తింటూ తింటూ సలోమి అంది: “ఒకటి చెప్పనా? యాక్సిలరేటర్ మింద నుంచి కాలు మెల్లగా తీస్తే ఆగదు. ఎద్దులబండ్లను చూసి ఠక్కున తీస్తేనే ఆగిపోతాది.”

లేవి నమలడం మానేశాడు. కార్బురేటర్ పక్కన ఒక చిన్న డబ్బీ, దాన్లోంచి బయటికి ఒక పుల్ల. డాష్‌పాట్ అంటారు దాన్ని. కాలు తీయగానే వెనక్కి వచ్చే కార్బురేటర్ లివరును ఆ పుల్ల అందుకుని, మెల్లగా దించాలి. కానీ ఇక్కడ పుల్లకు లివరు అందడమే లేదు! స్క్రూను మునుపటి చోటికి తెచ్చి, డబ్బీని ముందుకు జరిపాడు.

“తొక్కండి. ఇప్పుడు ఠక్కున తీయండి.”

ఇంజను నింపాదిగా నెమ్మదించింది. ఆగలేదు.

ఇక నట్టు బిగించడమే మిగిలింది. లేవి చెయ్యి అక్కడే నిలిచిపోయింది. ఇది బిగిస్తే ఈ కారు ఇక ఇక్కడ ఆగదు. కాస్త వదులుగా ఉంచితేనో? మరుక్షణమే కాన్పు మాట గుర్తొచ్చి, తన మీద తనకే సిగ్గేసింది. గట్టిగా బిగించాడు.

“ఇంక ఆగదు నర్సమ్మా.”

“ఎప్పటికీనా?”

“ఎప్పటికీ!”

ఆమె ముఖం ఎందుకు వాడిపోయిందో అతనికి అర్థం కాలేదు. మంచి మాటే చెప్పాను కదా అనుకున్నాడు పాపం.

ఆ తర్వాత కారు రోజూ మలుపు దాటి హాయిగా వెళ్ళిపోయేది. లేవికి దుమ్మే మిగిలింది.

“అంత బాగా ఎవురు చేయమన్నారురా నిన్ను?” అంది సుంకులమ్మ.

ఆదివారం చర్చి వదిలే వేళకు వాన పట్టుకుంది. కారు వచ్చింది, బండ్లను తప్పించుకుంది, నేరుగా షెడ్డు ముందుకొచ్చి ఆగిపోయింది. లేవి స్క్రూడ్రైవర్ పట్టుకుని వానలోకి పరిగెత్తాడు. వెనక సీట్లో డాక్టర్ సుందరం! కారు ఇక మద్రాసుకే అనుకున్నాడు లేవి.

“మళ్ళీ ఆగిపోయిందా?”

సలోమి అద్దం దించి తాళంచెవి చూపించింది. “ఆగలేదప్పా. నేనే ఆపినా. నిన్ను చూడకుండా ఉండలేక ఆపినా.”

లేవి తాళంచెవినీ, తన చేతిలోని స్క్రూడ్రైవర్‌నూ మార్చి మార్చి చూశాడు. వాన నెత్తిన దరువేస్తోంది.

“కారు బాగైందని అలిగి కూర్చునే పిల్లను మా ఇంట్లోనే చూస్తాండా,” అన్నాడు సుందరం వెనకనుంచి. “తడుస్తా ఎంతసేపు నిలబడతావప్పా? ఎక్కు. మీ అమ్మతో మాట్లాడే పనుండాది. ఇల్లు యాడో చూపించు.”

స్క్రూడ్రైవర్ చేత్తో పట్టుకునే లేవి ముందు సీట్లో కూర్చున్నాడు. సలోమి తాళం తిప్పింది. ఇంజను ఒక్క తిప్పుకే పలికింది.