చర్చి వెనక సందులో పట్టుకున్న చెయ్యి

చీకటి పడ్డాక చర్చి వెనక సందులోకి ఒంటరిగా పోవద్దు — మాల్టా దేశంలో ఒక చిన్న దీవి ఊళ్లో ఈ మాట పసిపిల్లలకూ తెలుసట. సైతానుకు సరైన సమయం తెలియకూడదని చర్చికి రెండు గడియారాలు పెట్టి, ఒకదాన్ని కావాలనే తప్పుగా ఉంచే జనం వాళ్లు. ఆ సందును మాత్రం ఏమీ చెయ్యలేకపోయారు.

మా బోధన్ నవత ఇది విని పకపకా నవ్విందట. భర్త నాగేందర్‌తో మొదటిసారి విమానమెక్కి కార్నివాల్ చూడ్డానికి పోయింది. పగలంతా చర్చి కప్పు మీది బొమ్మలు, బంగారు పూతలు చూసి చూసి మెడ పట్టేసింది.

రాత్రి వీధుల్లో జాతర. మన జాతరలా కాదు... డప్పు లేదు, కేక లేదు. తల నుంచి కాళ్ల దాకా తెల్లదుప్పట్లు, ముసుగులు. ఎవరో గుర్తుపట్టకూడదని ఒక్కరూ నోరు విప్పరు. అదే అక్కడి ఆచారం. నాగేందర్ కూడా ఒక దుప్పటి కప్పుకున్నాడు.

గుంపు ఒక్కసారిగా తోసింది. పట్టుకున్న ఆయన చెయ్యి జారిపోయింది.

ఫోను, పాస్‌పోర్టులు అన్నీ ఆయన జేబులోనే. భాష రాదు. పిలిస్తే ఏ దుప్పటీ పలకదు. నవతకు ఏడుపొచ్చేసింది.

అప్పుడు — ఒక దుప్పటి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఏడికి వోయినవయ్యా... పాణం పోయినంత పనైంది," అంది నవత గుసగుసగా.

దుప్పటి ఆమెను ముందుకు నడిపించింది. ఇంకా వేషం ఆడుతున్నాడనుకుంది. చెయ్యి చల్లగా ఉంది. చలికాలం కదా అనుకుంది. చర్చి వెనక సందులోకి మళ్లారు... దీపాలు తగ్గాయి... అడుగుల చప్పుడు మాత్రం — తనదొక్కటే.

"నవతా!"

పిలుపు ఎదురుగా, సందు చివర నుంచి. దుప్పటి భుజాన వేసుకుని పరుగెత్తుకొస్తున్నాడు నాగేందర్.

మరి ఈ చెయ్యి?

నవత పుట్టిల్లు బోధన్ దగ్గరి హున్సా. హోలీనాడు మగవాళ్లు తాడుకు అటూ ఇటూ నిలబడి పిడిగుద్దులు గుద్దుకునే ఊరు. వాళ్ల బాపు గుద్దులు చూస్తూ పెరిగిన పిల్ల. కళ్లు మూసుకుని, బలంకొద్దీ ఒక్కటి గుద్దింది.

కళ్లు తెరిస్తే పక్కన చర్చి రాతిగోడ. ఇంకెవరూ లేరు.

"గోడను గుద్దుతున్నవేందే, పిచ్చా?" అంటూ నాగేందర్ దగ్గరికి తీసుకున్నాడు.

భయంతో గోడ పట్టుకుని నడిచిందని ఇప్పటికీ ఆయన వాదన. మొన్న మా ఇంట్లో కూడా అదే చెప్పి నవ్వించాడు. ఆయన చెప్పుల కోసం బయటికి పోగానే, నవత నా దగ్గరికి జరిగి మెల్లగా అంది.

"గోడైతే నా చేతి ఏళ్లు పగలాలె గదక్కా... మెత్తగ తాకింది."