మేనమావ తోరం

రాజాం బజార్లో నగరేశ్వరరావు గారి ఆఫీసు తెలియనివాళ్ళు లేరు. కింద తమ్ముడి బట్టల కొట్టు, పైన ఈయన ఆఫీసు. విదేశాల్లో డాక్టరు చదువు చదివిస్తామని మెట్ల పక్కన పెద్ద బోర్డు. ఆ బోర్డు మీద తెల్లకోట్లు వేసుకున్న పిల్లలు ఎండకీ వానకీ నవ్వుతూనే ఉంటారు. పరీక్ష రాసి ఇక్కడ సీటు రాని పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు ఎండాకాలం వచ్చిందంటే ఆ మెట్ల మీద బారులు తీరి కూర్చునేవారు.

ఆయన మాటతీరే వేరు. వచ్చిన రైతుని బావా అనేవాడు. బావ పెళ్ళాన్ని చెల్లీ అనేవాడు. మీ పిల్ల నాకు మేనకోడలు, నేనుండగా దానికి భయమేటి అని మంచినీళ్ళు తనే అందించేవాడు. పిల్ల విమానం ఎక్కే రోజున వాళ్ళింటికి వెళ్ళేవాడు. గుమ్మం ముందు నిలబడి, బొట్టు పెట్టి, చేతికి పసుపు తోరం కట్టి సాగనంపేవాడు. తోరం ముడి వేస్తున్నప్పుడు ఆయన వేలికి పచ్చరాయి ఉంగరం మెరిసేది. ఏ ఆఫీసువాడు ఇంత చేస్తాడని ఊరూరా చెప్పుకునేవారు. ఆయనకి కావలసిందీ అదే.

కళింగపట్నం దగ్గర పల్లెలో దాలయ్య, అసిరమ్మల కూతురు సుహాసినిని కూడా అలాగే పంపాడు.

చలి దేశం అది. ఆ చలికాలం సుహాసినికి దగ్గు పట్టుకుంది. హాస్టల్లో గది వెచ్చబెట్టే పెట్టె పాడైపోయి ఎన్నాళ్ళో అయింది. నేను ఇంటికి పోతానని పిల్ల ఏడ్చింది. పాస్‌పోర్టు ఇస్తే కదా పోవడానికి? పిల్లలు వేరే కాలేజీకి మారిపోకుండా పాస్‌పోర్టులన్నీ హాస్టలువాడి బీరువాలో పెట్టించిందే ఈయన. ఒక సాయంత్రం ఈయనకి ఫోన్ చేసింది. దగ్గుకీ దగ్గుకీ మధ్య మాట్లాడింది.

"మావయ్యా, కాళ్ళు తెలవడం లేదు."

"రెండు సాక్సులు వేసుకో అమ్మా," అన్నాడాయన. అని ఫోన్ పెట్టేశాడు. ఎదురుగా ఇంకో పిల్ల తల్లిదండ్రులు కూర్చుని ఉన్నారు మరి. దాలయ్యకి మాత్రం, పిల్ల పరీక్షల్లో ఉంది, ఊరికే ఫోన్లు చెయ్యకండని చెప్పాడు.

ఆ వారంలోనే పిల్ల పోయింది.

పిల్ల పోయిందన్నంత వరకే అందరికీ తెలుసు. తెలియనిది ఇంకొకటి ఉంది. చిక్కి శల్యమై, కాళ్ళు నల్లబడిన ఆ పిల్లని ఊళ్ళో దింపితే ఇక ఆ చుట్టుపక్కల నుంచి ఎవరూ పిల్లల్ని పంపరు. కాలేజీవాళ్ళు శవాన్ని ఏం చెయ్యమంటారని అడిగితే, దానికి ఎవరూ రారు, మీరే ఉంచుకోండి అన్నాడు. డాక్టరు చదివే పిల్లలు కోసి నేర్చుకోవడానికి శవాలు ఉంచే గది ఒకటి ఉంటుంది కదా, ఆ గదికి. పిల్లల చదువుకి పనికొస్తుందిలే అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు కూడా.

జబ్బుతో పోతే అక్కడే దహనం చేసెయ్యడం ఆ దేశం చట్టమని చెప్పి, ఎర్రగుడ్డ కట్టిన చిన్న కుండ ఒకటి తెచ్చి అసిరమ్మ ఒళ్ళో పెట్టాడు. ఆ కుండలోది ఊరి చివర తనకున్న రైసుమిల్లు పొయ్యిలో బూడిద. వంశధార సముద్రంలో కలిసే చోట దాలయ్య దాన్ని నీళ్ళలో వదిలాడు. అది మునగలేదు. నల్లగా తేలింది. ఒక అల దాన్ని వెనక్కి తెచ్చి నగరేశ్వరరావు కాళ్ళకి చుట్టింది. ఆయన ఒక్కడే చూశాడు.

తర్వాత అసిరమ్మకి కలలు మొదలయ్యాయి. పిల్ల గుమ్మం బయట నిలబడి, నన్నెందుకు లోపలికి పిలవలేదే అమ్మా అంటుందట. మండుటెండల్లో కూడా ఆ గుమ్మం రాయి చల్లగా తగిలేది. పెళ్ళి కాకుండా పోయిన ఆడపిల్లని పేరంటాలుగా ఇంట్లో నిలుపుకోవాలని ఊళ్ళో పెద్దలన్నారు. మూలన పసుపు రాసిన కుండ పెట్టి, చీర, గాజులు పెట్టి, పిల్లని పిలవాలి. పిలిచేది తల్లీ కాదు, తండ్రీ కాదు. మేనమావ. కుండ మెడకి కట్టిన తోరం రెండో కొస తన చేతికి కట్టుకుని, గుమ్మం బయట నిలబడి, మూడుసార్లు పేరు పెట్టి పిలవాలి. పిల్ల ఆ తోరం వెంబడి ఇంట్లోకి వస్తుంది. వచ్చాక తనే ఆ తోరం విప్పుతుంది.

అసిరమ్మకి తోడబుట్టినవాళ్ళు లేరు. నగరేశ్వరరావుకి కబురు పెట్టారు.

ఆయనకి వెళ్ళాలని లేదు. కానీ ఆ ఊళ్ళో ఈ ఏడాది ఇంకొందరు పిల్లలు సిద్ధంగా ఉన్నారు. మేనమావనని చెప్పుకున్న మనిషి రాకపోతే వాళ్ళు ఏమనుకుంటారు? పట్టుచీర ఒకటి తమ్ముడి కొట్లోంచి తీసి, సాయంత్రానికి కారు నడుపుకుంటూ వెళ్ళాడు.

దీపాలు పెట్టే వేళ. ఉక్క. చెట్టు ఆకు కదలడం లేదు. ఇల్లంతా పసుపు, సాంబ్రాణి వాసన, బయట నుంచి ఎండుచేపల వాసన. కుండ పక్కన ఊళ్ళో ముసలమ్మ, తాతమ్మ కూర్చుంది. పేరంటాళ్ళు పలికేది ఆవిడ నోటనే. వాకిట్లో జనం. పొరుగింటి నరసింగరావు, మావగారికి మేనకోడళ్ళు జిల్లాకి కొంతమంది ఉన్నారు, ఏ పిల్ల పేరు పిలుస్తాడో చూడండని ఎకసెక్కం ఆడాడు. జనం నవ్వారు. ఆయనా నవ్వాడు.

అసిరమ్మ నవ్వలేదు. తోరం కొస తెచ్చి ఆయన మణికట్టుకి కట్టింది. ముడి మీద ముడి వేసింది.

"అమ్మా సుహాసినీ, మీ మావని వచ్చాను. ఇంటికి రా తల్లీ."

మొదటిసారి గట్టిగానే పిలిచాడు. ఏమీ కాలేదు.

రెండోసారి పిలిచేసరికి కాళ్ళకి చల్లగాలి తగిలింది. ఇంట్లోంచి వస్తోంది. దీపం వత్తి అల్లల్లాడింది. సాంబ్రాణి వాసనలో ఇంకేదో కలిసింది... బడిలో కప్పల్ని సీసాలో వేసి ఉంచుతారే, ఆ మందు వాసన. ముక్కు మండేలాగ.

మూడోసారి పిలవబోయి ఆగాడు. ఏం మావా, పేరు మరిచిపోయావా అని వెనక నుంచి నరసింగరావు అందించాడు.

"సుహాసినీ... రా అమ్మా."

ఆయన నోట్లోంచి ఆవిరి వచ్చింది. ఎండాకాలంలో, మంచుదేశంలో వచ్చినట్టు, తెల్లగా.

తోరం బిగిసింది.

ఎవరో అవతలి నుంచి పట్టుకున్నట్టు బిగిసింది. తాతమ్మ మామూలుగా పేరంటాలు వస్తే ఊగుతుంది, ఏడుస్తుంది. ఈసారి ఊగలేదు. నేల మీద వెల్లకిలా పడుకుంది. చేతులు ఒంటికి ఆన్చుకుంది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. పెదాలు మాత్రం కదిలాయి.

"మావయ్యా... కాళ్ళు తెలవడం లేదు."

ఆ మాట ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు.

అసిరమ్మ పక్కన కూలబడింది. "ఎక్కడున్నావే తల్లీ? గంగలో కలిపినాం కదే నిన్ను?"

"గంగలో నేను లేనే అమ్మా. బల్ల మీద ఉన్నాను. పిల్లలు నన్ను కోసి సదువుకుంటన్నారు."

అసిరమ్మ తాతమ్మ చెయ్యి పట్టుకుని లాగింది.

"లేసి రాయే. లేసి వచ్చేయే."

"రానివ్వరంట. బల్ల ఖాళీగా ఉండకూడదంట. నా జాగాలో ఎవులో ఒకలు పడుకోవాలంట..."

జనం తలలన్నీ మెల్లగా గుమ్మం వైపు తిరిగాయి. దాలయ్య లేచి వచ్చాడు. నెమ్మదస్తుడు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. "ఏటి బావా? ఏటంటాది పిల్ల?" అన్నాడు.

ముసలిదానికి మతి చలించింది, నాకు అవతల పనుంది అని ఏదో అంటూ నగరేశ్వరరావు తోరం లాగాడు. ముడి రాలేదు. గట్టిగా లాగితే కుండ దగ్గర తెగింది. తెగిన కొస నేలమీద పాకుతూ ఆయన వెంట వచ్చింది. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటుంటే అసిరమ్మ గుమ్మం దాకా వచ్చింది. తిట్టలేదు. శాపం పెట్టలేదు.

"అన్నయ్యా," అంది గొంతు తగ్గించి. "నువ్వే పంపినావు. నువ్వే తేవాల."

కారెక్కాడు. శ్రీకాకుళం దాటేవరకూ బాగానే ఉంది. చిలకపాలెం దగ్గర పెద్దరోడ్డు దిగి రాజాం దారి పట్టేసరికి ఏసీ ఆపేశాడు. అయినా చలి తగ్గలేదు. అద్దాలు దించాడు. బయట పొలాల్లోంచి వేడిగాలి ముఖానికి కొడుతోంది. నడుం నుంచి కిందకి మాత్రం మంచు. మళ్ళీ ఆ మందు వాసన. కళ్ళు మండుతున్నాయి. మణికట్టుకి తోరం తడిగా ఉంది. ఎప్పుడు తడిసింది?

తెగిన కొస కోసం కింద చూశాడు. కాళ్ళ దగ్గర లేదు. సీట్ల మధ్య నుంచి వెనక్కి పోయి ఉంది. బిగిసి ఉంది.

వెనక్కి చూడలేదు.

ఎవరో దగ్గారు. చిన్నగా... తర్వాత గొంతు చీరుకుపోయేలాగ.

"మావయ్యా... రెండు సాక్సులు వేసుకున్నాను."

బ్రేకు తొక్కబోయాడు. కాలు ఎక్కడుందో తెలియలేదు. కిందకి చూస్తే బ్రేకు మీదే ఉంది. తన కాలే. తెలవడం లేదు.

ఇంటికి ఎలా చేరాడో ఆయనకే తెలియాలి. తలుపు తీసిన భార్య పద్మకుమారి ఆయన ముఖం చూడలేదు. ఆయన భుజం మీదుగా వెనక్కి చూసింది.

"ఆ అమ్మాయిని వాకిట్లో నిలబెట్టేశారేంటండీ? తడిసిపోయింది పాపం. వణికిపోతోంది."

"ఎవరూ లేరు," అన్నాడు. మాట గుసగుసగా వచ్చింది. "తలుపెయ్యి. పద్దూ... తలుపెయ్యి."

"ఉండండి, తువ్వాలు తెస్తాను," అని ఆవిడ లోపలికి వెళ్ళింది. వెళ్తూంటే వెనక నుంచి ఆయన మాట వినిపించింది. కాళ్ళు తెలవడం లేదే, అన్నాడట. తువ్వాలు తీసుకుని మళ్ళీ వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది. వాకిట్లో అమ్మాయి లేదు. ఆయన లేడు. గుమ్మం లోపల ఆయన చెప్పులు పక్కపక్కనే విడిచి ఉన్నాయి. పక్కన ఆడపిల్లల సాక్సులు రెండు జతలు, ఒకదానిలో ఒకటి దూర్చి. గట్టిగా, మంచుగడ్డల్లా ఉన్నాయి. ఆవిడ చూస్తుండగానే కరిగి గచ్చంతా నీరైంది.

పోలీసులు వెతికారు. బావులు, కాలవలు వెతికారు. పెట్టె సర్దుకోలేదు. కారు వాకిట్లోనే ఉంది. మనిషి లేడు.

అక్కడ ఆ చలి దేశంలో ఇంకా తరగతులు జరుగుతున్నాయి. కొత్తవలస పిల్ల దుర్గాభవాని, సుహాసినితో ఒకే గదిలో ఉండేది. ఆ పిల్లకి కూడా నగరేశ్వరరావే తోరం కట్టి పంపాడు. సుహాసిని శవాన్ని మన దేశానికి తీసుకుపోయారనే ఆ పిల్లకి చెప్పారు.

ఆయన మాయమైన మర్నాడు మధ్యాహ్నం తరగతి అయ్యాక అసిరమ్మకి ఫోన్ చేసింది. మెట్ల కింద నక్కి మాట్లాడుతున్నట్టు చాలా మెల్లగా మాట్లాడింది.

"పిన్నీ... ఇక్కడ మన వైపు మగవాళ్ళెవరైనా పోయారా?"

"ఏమ్మా?"

"ఇవాళ మాకు కొత్త శవం ఇచ్చారు. ముఖానికి గుడ్డ కట్టేసి ఉంది. చెయ్యి ఒకటే బయటకుంది. ఆ చేతికి పసుపు తోరం పిన్నీ. పసుపు ఇంకా చేతికంటుతోంది. వేలికి పచ్చరాయి ఉంగరం. మాస్టారు కత్తి నా చేతికే ఇచ్చారు. నేను తోరం పక్కన వేలు పెడితే... ఆ చెయ్యి వెచ్చగా ఉంది."

ఫోన్లో గిన్నె చప్పుడైంది. ఎవరికో అన్నం వడ్డిస్తున్నట్టుంది.

"సదువుకోండమ్మా," అంది అసిరమ్మ. "బాగా కోసి, బాగా సదువుకోండి."

తర్వాత ఆవిడ వెనక నుంచి, ఇంట్లోంచి, ఇంకో గొంతు వచ్చింది.

"ఎవులే అమ్మా ఫోన్లో? దుర్గేనా?"

అని దగ్గింది.

దుర్గాభవాని చేతిలోంచి ఫోన్ జారిపోయింది. ఆ దగ్గు తనకి తెలుసు. చలికాలమంతా పక్క మంచం మీంచి విన్న దగ్గు అది.