నాలుగో చరణం

నతానియేలు మాస్టారు పెట్టెలో మూడో చొక్కా సర్దుతూ, "అమ్మాయ్, ఆ..." అని ఆగారు. గోడలోని పూరకం మూడు ఊపిరుల సేపు చూసి, అచ్చం ఆయన గొంతుతోనే, "...ఆవకాయ సీసా పెట్టావా?" అని మాట ముగించింది. వంటింట్లోంచి కూతురు బ్యూలా పెట్టానంది. మాస్టారు అడగబోయింది ఆ నీలం టై గురించి. కానీ ఇప్పుడు ఎవరూ ఎవరినీ దిద్దరు. గోడ ఏది అడిగితే అదే అడిగినట్టు.

పూరకం వచ్చి పద్దెనిమిదేళ్లయింది. సగం చెప్పిన మాటను, సగం రాసిన ఉత్తరాన్ని, సగం కట్టిన పాటను ఆ మనిషి తీరులోనే పూర్తిచేసే సాధనమది. మొదట మాట తడబడే రోగుల కోసం చేశారు. తర్వాత తడబడనివాళ్లు కూడా శ్రద్ధగా తడబడటం నేర్చుకున్నారు. ఒంగోలు కూరగాయల బజారులో "వంకాయలు..." అని నోరు మూసుకుంటే చాలు, మెడలో వేలాడే పూరకం ధర అడిగి, బేరమాడి, పుచ్చులు ఏరేయమని కూడా చెప్పేది. ఏది మనిషి రాసిందో, ఏది పూరకం నింపిందో గుర్తు పెట్టే అలవాటు పోయి చాలాకాలమైంది.

ఆ పూరకం పప్పులు ఉడకనిది ఒక్క మాస్టారి దగ్గరే. "ప్రసంగంలోంచి ఒక సున్నా తీసేస్తే..." అని ఆయన ఆపితే గోడ గుటకలు మింగేది. "...ప్రసగం అవుతుంది. పాస్టరయ్యగారు ఆ సగం దగ్గరన్నా ఆపితే మనకి అన్నం వేడిగా దొరుకుతుంది" అని ఆయనే ముగించి, తన జోకుకి తనే ముందుగా నవ్వేవారు. ఉపవాస కూటంలో కూటం ఉంటుంది గానీ కూడు ఉండదని రాసినందుకు సంఘ పెద్దలు ఆయన్ని పిలిచి మందలించారు. వాళ్లను కూడా నవ్వించి పంపారాయన. ఆదరణ అనే క్రైస్తవ పత్రికలో ముప్పై ఏళ్లు ఆయన శీర్షిక ఈ అల్లరితోనే నడిచింది. ఏడిపించే వాక్యం మాత్రం ఒక్కటీ రాయలేదు. ఆ పని ఇంట్లో భార్య లీయమ్మది.

లీయమ్మ కీర్తనలు రాసేది. నలభై దాకా రాసి, పోయిన ఏడాది ప్రభువునందు నిద్రించింది. ఈ సాయంత్రం బండికి మాస్టారు రాజమండ్రిలో జరిగే క్రైస్తవ రచయితల సదస్సుకి బయల్దేరుతున్నది ఆమె కోసమే. గడిచిన ఏడాదిలో వెళ్లిపోయిన రచయిత చివరి పాటతో సదస్సు మొదలుపెట్టడం వాళ్ల ఆనవాయితీ. పాట ఇంటివాళ్లే పాడాలి. పాడి, ఆ పాట ఎలా పుట్టిందో సాక్ష్యం చెప్పాలి.

పాట పుట్టింది ఆసుపత్రి మంచం మీద. మూడు చరణాలు రాసి, కింద నాలుగు అంకె వేసి, రెండు వరుసల జాగా వదిలింది లీయమ్మ. నోటుపుస్తకం మూసి భర్త చేతిలో పెట్టి, "నాకు భయంగా ఉందండీ. ఆ మాట నాలుగో చరణంలో మీరు రాయండి. నేను రాస్తే అబద్ధం రాసేస్తాను" అంది.

బదులు తోచనప్పుడల్లా మాస్టారు ఏం చేస్తారో అదే చేశారు. "చరణం రాయమంటే నాకు చాతకాదు గానీ, చరణాలు పట్టుకోమంటే పట్టుకుంటా" అని ఆమె పాదాలు పట్టుకున్నారు. అవి అప్పటికే చల్లగా ఉన్నాయి. లీయమ్మ నవ్వింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది. మర్నాడు మధ్యాహ్నానికి లేదు.

బ్యూలా విశాఖ నుంచి వచ్చేసరికి తల్లి ముఖానికి బట్ట కప్పేశారు. ఉద్యోగం మానుకుని తండ్రి దగ్గరే ఉండిపోయిన ఆ పిల్ల అప్పటినుంచీ ఒక్కటే ప్రశ్న అడిగేది. అమ్మ భయపడిందా? ఆయన ఏదో ఒక చమత్కారం అడ్డంపెట్టి తప్పుకునేవారు. పిల్ల సగం తిని కంచం జరిపేసేది. పాడటం మానేసింది.

పదకొండు నెలలు మాస్టారు ఆ రెండు వరుసల ముందు కూర్చున్నారు. కలం పెడితే హాస్యం వచ్చేది, కొట్టేసేవారు. ఇంతలో సదస్సు కార్యదర్శి ఎబినేజరు వచ్చి పాట అచ్చువేయడానికి నోటుపుస్తకం అడిగాడు. ఆ జాగా నాది, ఇంకా రాయలేదు అని చెప్పడానికి మాస్టారికి సిగ్గేసింది. ఒక్క మాట. అది చెప్పకుండా పుస్తకం ఇచ్చి పంపారు.

వారం తిరక్కుండా ఆదరణ పత్రిక అచ్చయి వచ్చింది. పైన లీయమ్మ ఫోటో, కింద పాట. నాలుగు చరణాలూ నిండుగా ఉన్నాయి. మాస్టారు ఫోన్ చేస్తే ఎబినేజరు వందనాలు చెప్పి, పూరకానికి చూపించానని సంతోషంగా చెప్పాడు. "ఖాళీ వదిలేస్తే అక్క పాటకి చిన్నతనం కదన్నా" అన్నాడు. తిట్టడానికి అందులో ఏమీ లేదు. నాలుగో చరణం ఇలా ఉంది:

చీకటి లోయ దాటితిని – చేయి నీవు విడువలేదు
భీకరమౌ ఘడియలోన – భీతి నన్ను తాకలేదు

బాగుంది. లీయమ్మ రాసినట్టే ఉంది. ఆమె రాస్తే ఇదే రాసేది. అందుకే రాయనంది.

బ్యూలా పత్రిక చదివి గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. "అమ్మ భయపడలేదన్నమాట" అంది. ఆ రోజు కంచం ఖాళీ చేసింది. మర్నాడు గిన్నెలు తోముతూ ఆ చరణమే పాడింది. ప్రశ్న మళ్లీ అడగలేదు.

ఈ ఉదయం పళ్లు తోముకుంటూ ఉండగా మాస్టారికి ఎలా వచ్చిందో, తన చరణం వచ్చింది. నురగ నోటితోనే వచ్చి రాసుకున్నారు:

భయమేసెనని పలికినది – బదులు తెలియక నవ్వించితిని
ప్రియమైన ప్రభువా, ఆ గదిలో – నీవైనా విన్నావా

కాగితం మడిచి బైబిల్లో పెట్టారు. రేపు సదస్సులో ఏది పాడాలి? ఇది పాడితే కూతురి కంచం మళ్లీ సగంలోనే ఆగిపోతుంది. అది పాడితే లీయమ్మ అడిగిన ఒక్క కోరికా అబద్ధంగానే ముగుస్తుంది.

బ్యూలా నీలం టై ఇస్త్రీ చేసి తెచ్చింది.

"ఆవకాయ అన్నది గోడ నాన్నా. నువ్వు అడిగేది టై అని తెలుసు."

"ఎట్టా తెలిసిందే?"

"గోడ ఎప్పుడూ గొంతు సవరించుకోదు. నువ్వు సవరించుకోకుండా ఆగిన మాట అందుకోవు."

ప్రయాణానికి ముందు ప్రార్థన. ఆ ఇంట్లో చరణాలు పంచుకుని పాడతారు. చివరిది పెద్దవాళ్లది. లీయమ్మ పాట మొదటి చరణం బ్యూలా అందుకుంది, రెండోది ఇద్దరూ, మూడోది మళ్లీ ఆమె. కళ్లు మూసుకుని, ముఖం తేటగా పెట్టుకుని పాడింది. నాలుగోది మాస్టారిది.

ఆయన బైబిలు తెరిచారు. కాగితం కనిపించింది. కూతురి ముఖం చూశారు.

ఒక ఊపిరి. రెండు. మూడు.

గోడ అందుకుంది. ఆయన గొంతుతో, ఆయన వేసే సంగతులతో, భీతి నన్ను తాకలేదు అని చివరిదాకా తప్పు లేకుండా పాడింది. మాస్టారు నోరు మూసుకుని నిలబడి తన పాట విన్నారు.

పాట అయిపోయింది. బ్యూలా ఆమెన్ అనలేదు. కళ్లు తెరవలేదు. చెయ్యి చాచి, తడుముకుంటూ, తండ్రి పెదాల మీద వేళ్లు పెట్టింది. అవి మూసుకుని ఉన్నాయి.

"అమ్మ భయపడింది కదా నాన్నా?"

"మీ అమ్మ..." అన్నారు మాస్టారు.

గోడ కాచుకుని ఉంది. చమత్కారం ఒక్కటీ రాలేదు. మొదటి ఊపిరి పోయింది. రెండోది సగంలో ఉండగా ఆయన గొంతు సవరించుకున్నారు.

"భయపడిందమ్మా. నేను నవ్వించాను."