తేనెటీగ ఛాయ పట్టిన ముత్యాలి

ఫలగిరి రాజ్యంలో ఆ ఏడు చెట్లన్నీ విరగబూశాయి గాని, ఒక్క కాయా నిలవలేదు. జామ, నారింజ, దానిమ్మ, ఏ తోటలో చూసినా నేలంతా రాలిన పూలే. ఆ దేశంవాళ్ళు తిండికీ, బేరానికీ తోటలనే నమ్ముకుని బతికేవాళ్ళు. అందుచేత రాజు విజయకేతుడు దిగులుపడి, కారణం కనుక్కోమని నలుదిక్కులకూ మనుషులను పంపాడు.

కారణం త్వరలోనే తెలిసింది. రాజ్యానికి ఉత్తరాన ఉన్న అడవిలో మేఘకాయుడనే యక్షుడు ఉండేవాడు. అతను తాడిచెట్టుకు రెండింతల ఎత్తు. వనదేవత అతన్ని పూలకు కాపలా ఉంచింది. ఉన్నట్టుండి ఒకరోజు అతను రాజ్యంలోని తేనెటీగలన్నిటినీ ఒక్క ఊపిరితో పీల్చి, కొండగుహలోకి ఊది, గుహకు బండ అడ్డం పెట్టేశాడు. తేనె తీసేవాళ్ళు కొందరు వాటిని విడిపించబోతే వాళ్ళమీద కూడా ఊదాడు. వాళ్ళు నిలబడినచోటనే మైనపు బొమ్మలైపోయారు. రాజకుమారుడు శశాంకుడు కత్తి దూసి వెళ్ళాడు. అతనూ మైనమైపోయాడు.

పొదలో దాక్కుని ఇదంతా చూసిన ఒకడు పరిగెత్తుకొచ్చి రాజుకు చెప్పాడు. "బొమ్మలన్నిటినీ గుహ ముందు వరసగా నిలబెట్టాడు, మహారాజా. ఇప్పుడంటే ఇంకా చలి ఉంది. ఎండలు ముదిరితే వాళ్ళు కరిగిపోతారు."

మైనమైపోయినవాళ్ళలో బయ్యన్న అనే తేనెగాడు ఒకడు. అతనికి ముత్యాలి అని ఒక కూతురు ఉంది. ఆమె చిన్నతనం నుంచీ తండ్రి వెంట కొండలెక్కి తేనెపట్లు చూసిన పిల్ల. సైన్యం బయలుదేరుతున్నదని విని ఆమె రాజు దగ్గరకు వెళ్ళింది.

"సైన్యాన్ని పంపితే అంతమందీ మైనమైపోతారు, మహారాజా. ముందు నన్ను వెళ్ళనివ్వండి. యక్షుడితో మాట్లాడి చూస్తాను," అన్నది.

"మాట్లాడి ఏం చేస్తావమ్మా?" అన్నాడు రాజు.

"ఈగలమీద అతనికి ఎందుకు కోపమో ఇంతవరకూ ఎవరూ అడగలేదు గదా. అది అడుగుతాను."

రాజు ఒప్పుకుని, ఎండలు ముదిరేలోగా ఆమె తిరిగిరాకపోతే సైన్యం కదులుతుందని చెప్పి పంపాడు.

ముత్యాలి అడవి దాటి కొండ దగ్గరకు చేరింది. గుహ ముందు తండ్రి బొమ్మ కనిపించింది. పైకెత్తిన చెయ్యి, తెరుచుకున్న నోరు, అన్నీ అలాగే ఉన్నాయి. ఆమె ఆ చేతిని తాకి చూసింది. చల్లగా, జిడ్డుగా ఉంది. ఆమెకు ఏడుపు వచ్చింది. కాని ఏడవటానికి వ్యవధి లేదు. కొండమీద నుంచి యక్షుడు వంగి ఆమెనే చూస్తున్నాడు.

"నువ్వూ ఆ దొంగల తరఫు మనిషివేనా?" అన్నాడతను.

"ఎవరు దొంగలు, స్వామీ?"

"తేనెటీగలు. మీవాళ్ళే ఆ మాట అనుకుంటుండగా విన్నాను. ఈ దొంగలు ఎన్ని పూలు దోచుకుంటే ఇంత తేనె అయ్యిందోనని నవ్వుకున్నారు. పూలకు కాపలా ఉన్నది నేను. దొంగలను బంధించడం నా పని."

"దోచుకోవడం మీరు కళ్ళారా చూశారా?"

మేఘకాయుడు కాస్త తడబడ్డాడు. "నా కంటికి పువ్వు ఆనుతుంది గాని, ఈగ చేసే పని ఆనదు. అది ఒక నలుసు. వచ్చి వాలుతుంది, పోతుంది."

ఈగలు లేకపోతే కాయలు కట్టవని ముత్యాలి ఎంత చెప్పినా అతను నమ్మలేదు. "నోటితో ఎవరైనా ఎన్నయినా చెబుతారు. పడమట ఉప్పుచెరువు దగ్గర మౌనశీలుడనే ముని ఉన్నాడు. ఆయన దగ్గరున్న ఛాయాఫలకం అబద్ధం చెప్పదు. ఈగ పువ్వుకు మేలు చేస్తుండగా దాని ఛాయ పట్టి, నా కంటికి ఆనేటంతగా చూపించు. చూపించలేకపోతే నువ్వూ మైనమే," అన్నాడు.

ముత్యాలి ఒప్పుకుని పడమటి దారి పట్టింది.

మౌనశీలుడు చెరువుగట్టున కూర్చుని ఉన్నాడు. ఆమె చెప్పిందంతా విని, పళ్ళెమంత నల్లరాతి ఫలకం ఒకటి ఆమె చేతుల్లో పెట్టాడు. దాన్ని దేని ఎదుట పట్టుకుని ఊపిరి బిగబడితే దాని ఛాయ రాతిమీద నిలిచిపోతుంది. చెయ్యి వెంట్రుకవాసి కదిలినా ఛాయ చెదిరిపోతుంది.

"నేను చాలు అనేదాకా దీన్ని కదలనివ్వకు," అన్నాడు ముని. తీరాచూస్తే ఆయన ఆమెను నిలబెట్టింది చీమలపుట్ట పక్కన. చీమలు పాదాలు ఎక్కి, పిక్కలు పట్టుకుని కుట్టాయి. ముత్యాలి పళ్ళు బిగించి నిలబడింది. ఫలకంమీద ఎదురుగా ఉన్న కొంగ ఛాయ ఈకలతో సహా తీరుగా పడింది.

ముని మెచ్చుకుని, "దీనిలో ఇంకా మూడు ఛాయలు పట్టే శక్తి మాత్రమే ఉంది, తల్లీ. ఎండ ఎప్పుడూ నీ వీపువైపు ఉండేలా చూసుకో. ఇంకొక సంగతి. ఫలకం ఈగను ఈగంతగానే చూపిస్తుంది. పెద్దది చెయ్యాలంటే ఊర్ణిక దగ్గరున్న బిందుస్ఫటికం కావాలి," అన్నాడు.

ఊర్ణిక ఏనుగంత సాలెపురుగు. రెండు కొండల నడుమ గూడు కట్టుకుని ఉండేది. ఆ గూడు మధ్య, గడ్డకట్టిన మంచుబొట్టులాగా కుంకుడుకాయంత స్ఫటికం వేలాడుతున్నది. ముత్యాలిని చూసి సాలెపురుగు దారాలమీద మెల్లిగా దిగివచ్చింది.

"స్ఫటికం కావాలని వచ్చినవాళ్ళంతా నా మొహం చూసి పారిపోయారు. నువ్వు దాంట్లో నుంచి నన్ను దగ్గరగా చూసి, ఏం కనిపించిందో ఉన్నదున్నట్టు చెప్పు. పొగిడినా మింగేస్తాను, కళ్ళు మూసుకున్నా మింగేస్తాను," అన్నది.

ఊర్ణిక దారం సాగదీసి కిందికి దించిన స్ఫటికాన్ని ముత్యాలి కంటి దగ్గర పెట్టుకుంది. మొదట ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. తరవాత చూడటంలో పడి భయం సంగతే మరిచిపోయింది.

"నీకు ఎనిమిది కళ్ళున్నాయి. నడిమి రెండూ పెద్దవి. వాటిలో ఆకాశం కనిపిస్తున్నది. కోరలు నల్లగా, భయంకరంగా ఉన్నాయి. మొహంమీద ఎర్రమట్టి రంగు నూగు ఉంది. ఎడమ పక్క కంట్లో దుమ్ము పడింది. అది నిన్ను బాధపెడుతున్నట్టుంది," అన్నది.

"చాలాకాలంగా పెడుతున్నది," అన్నది ఊర్ణిక.

ముత్యాలి పైట కొంగు తడిపి ఆ కన్ను తుడిచింది. సాలెపురుగు ఇంకేమీ అడగకుండా దారం తెంపి స్ఫటికాన్ని ఆమెకు ఇచ్చేసింది.

ముత్యాలి కొండ దగ్గరకు తిరిగి వచ్చేసరికి పగటి ఎండ చురుక్కుమంటున్నది. మేఘకాయుడు బండను కాస్త జరిపి ఒకే ఒక ఈగను బయటికి వదిలాడు. "పొద్దు గుంకేలోగా చూపించు," అన్నాడు.

ఈగ తిన్నగా కొండ దిగువన ఉన్న తోటలోకి పోయింది. ముత్యాలి ఫలకానికి స్ఫటికం అమర్చుకుని దాని వెంట పరిగెత్తింది. నారింజ కొమ్మమీద అది వాలగానే ఫలకం ఎత్తి ఊపిరి బిగబట్టింది. అప్పుడే గాలి వీచి కొమ్మ ఊగింది. రాతిమీద పసుపుపచ్చని మరక తప్ప ఏమీ పడలేదు.

రెండోసారి ఛాయ చక్కగా పడింది. కాని అందులో ఈగ నారింజపువ్వులో నాలుక దించి తేనె తాగుతున్నది. యక్షుడు అది చూసి, "నేను అన్నదీ ఇదే గదా," అన్నాడు.

ఇక మిగిలింది ఒక్కటే ఛాయ. ముత్యాలి అలిసిపోయి ఒక జామచెట్టు కింద కూలబడింది. ఎంత పరిగెత్తినా ఈగ తనకన్నా ముందే ఉంటుంది. అప్పుడామెకు పరిగెత్తడమే పొరపాటని తోచింది. ఈగ ఎక్కడికి వస్తుందో అక్కడ తానే ముందు ఉండాలి. లేచి, గాలి తగలని పక్కన, అప్పుడే విచ్చిన జామపువ్వు ఒకటి వెతికింది. ఎండను వీపున పెట్టుకుని ఫలకాన్ని పువ్వుకు బెత్తెడు దూరంలో పట్టుకుని నిలబడింది.

ఎంతసేపటికీ ఈగ రాలేదు. చేతులు గుంజుకుపోయాయి. పొద్దు వాలుతున్నది. చివరకు ఈగ వచ్చి పువ్వుమీద కాక, ఆమె మణికట్టుమీద వాలింది. కదిలితే కుడుతుంది, లేదా ఎగిరిపోతుంది. ముత్యాలి కదలలేదు. ఈగ కాసేపు తచ్చాడి, లేచి, పువ్వులోకి దూకింది. తెల్లటి కేసరాల గుంపులో పొర్లింది. అది పువ్వు నడిమి కాడ పక్కనుంచి పోతుండగా ముత్యాలి ఊపిరి బిగబట్టింది.

ఫలకం నిండా ఈగ ఛాయ పడింది. దాని ఒంటిమీది నూగులో, కాళ్ళ సందుల్లో పుప్పొడి పచ్చగా ఇరుక్కుని ఉంది. అంతకుముందు వేరే జామచెట్ల పూలమీద వాలి మోసుకొచ్చిన ఆ పొడిలో కొన్ని రేణువులు నడిమి కాడ కొసన అంటుకుంటున్నాయి.

మేఘకాయుడు ఫలకాన్ని గోటిమీద పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇది తీసుకుపోవడం లేదు, ఇస్తున్నది," అన్నాడు. తరవాత, "ఇచ్చినదానివల్ల కాయ కడుతుందని ఏమిటి నమ్మకం?" అన్నాడు.

"ఈ పువ్వు కడుతుంది. ఈగ వాలని పూలు రాలిపోతాయి. అంతవరకూ ఆగండి. కాని ఈలోగా వీళ్ళు కరిగిపోతే నేనేం చేసేది?" అంటూ ముత్యాలి మైనపు బొమ్మలను చూపింది.

కాయ కట్టేదాకా చూస్తానని యక్షుడు కొండమీదికి వెళ్ళిపోయాడు. మర్నాడు ముత్యాలి, కాయ కట్టేదాకా సైన్యాన్ని ఆపమని దిగువ తోటవాళ్ళచేత రాజుకు కబురు పంపింది. అప్పటినుంచి టేకాకులు కోసుకొచ్చి బొమ్మలకు కప్పుతూ, వాగునుంచి నీళ్ళు మోసి తడుపుతూ వచ్చింది. ఎండలు పెరిగాయి. ఒక మధ్యాహ్నం ఆమె నీళ్ళకు వెళ్ళి వచ్చేసరికి రాజకుమారుడి ఎడమ చెవి తమ్మె కరిగి భుజంమీద చుక్కలుగా పడి ఉంది. ఆమె కుండ దించి తలెత్తి చూస్తే బొమ్మలన్నిటిమీదా నీడ ఉంది. మేఘకాయుడు సూర్యుడికి అడ్డంగా వచ్చి నిలబడి ఉన్నాడు. ఆ తరవాత రోజూ అతను అలాగే నిలబడ్డాడు.

చుట్టూ ఉన్న జామపూలు ఒక్కొక్కటే ఎండి రాలిపోయాయి. ఈగ వాలిన పువ్వు మాత్రం రేకులు రాల్చి, అడుగున పిందె కట్టింది. ఆ పిందె ఉసిరికాయంత అయ్యాక యక్షుడి కంటికి ఆనింది. అతను మోకాళ్ళమీద కూర్చుని దాన్ని చూశాడు.

"పూలు రాలినప్పుడల్లా దొంగలవల్లే రాలాయనుకున్నాను. తప్పు నాది," అన్నాడు.

అతను బండ తొలగించాడు. తేనెటీగలు పొగలాగా లేచి తోటలకేసి పోయాయి. తరవాత అతను బొమ్మల దగ్గరకు వచ్చి, తాను ఊదిన ఊపిరిని మళ్ళీ లోపలికి పీల్చుకున్నాడు. బయ్యన్న పైకెత్తిన చెయ్యి దించి, కూతుర్ని చూసి, "నువ్వెప్పుడొచ్చావే, తల్లీ? ఏమన్నా తిన్నావా?" అన్నాడు. అప్పుడు ఏడ్చింది ముత్యాలి.

రాజు అందరికీ ఎదురువచ్చి స్వాగతం పలికాడు. ఏం కావాలో కోరుకోమంటే, తేనెపట్టు తీసినప్పుడు ఈగలకు సగం వదలాలని చట్టం చెయ్యమని ముత్యాలి కోరింది. చెవి తమ్మె లేని శశాంకుడు తిరిగివచ్చే అడవి దారిలోనే తనను పెళ్ళి చేసుకుంటావా అని ఆమెను అడిగాడు. తోటలు మళ్ళీ కాసేదాకా ఆగమని ఆమె చెప్పింది. మరుసటి ఏడు తోటలు కొమ్మలు విరిగేటట్టు కాశాయి. వాళ్ళకు పెళ్ళయింది. తరవాత ఇద్దరూ ఫలగిరిని చాలాకాలం చక్కగా ఏలారు.

పెళ్ళికి రమ్మని మేఘకాయుడికి కబురు పంపారు గాని, అతను రాలేదు. దానిమ్మలు రెండో పూత మీద ఉన్నాయనీ, ఈగలు పనిలో ఉన్నాయనీ, వాటిని వదిలి రావడానికి వీలుపడదనీ చెప్పి పంపాడు.